‘పొడి దగ్గా, కఫం పడుతోందా?’

మెడికల్ షాపుకెళ్ళి దగ్గు మందు అడిగితే కౌంటర్ అవతల నుంచి వచ్చే ప్రశ్న ఇదొక్కటే. జవాబును బట్టి ఒక అర నుంచో ఇంకో అర నుంచో సీసా దిగుతుంది. ఎన్నాళ్ళ నుంచి దగ్గుతున్నారు, ఇంకేమైనా మాత్రలు వాడుతున్నారా అని అడిగేవాళ్ళు అరుదు. 2025 అక్టోబరులోనో, అంతకు ముందో సిరప్ తాగి పిల్లలు చనిపోయారన్న వార్త వచ్చినప్పుడల్లా మనం ఆ కంపెనీని తిడతాం, నాలుగు రోజులకు మర్చిపోతాం. అసలు ఈ సీసా మన ఇంట్లోకి ఎలా వచ్చిందో చూస్తే, తప్పు ఒక్క కంపెనీ దగ్గర ఆగదని తెలుస్తుంది.

సీసాలకు ముందు ఊళ్ళలో దగ్గొస్తే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకునేవారు. శొంఠి, మిరియాల కషాయం ఉండేది. అడ్డసరం ఆకు రసంలో తేనె కలిపి నాకించేవారు. ఆ అడ్డసరంలో వాసిసిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకునే బ్రోమ్‌హెక్సిన్ అనే మందును జర్మనీలో తయారుచేసి, 1960ల్లో యూరప్‌లో మార్కెట్‌లోకి తెచ్చారు. ఇప్పుడు సిరప్‌ల మీద కనిపించే ఆంబ్రాక్సాల్ దాని తమ్ముడే. మన పెరటి ఆకు జర్మనీ వెళ్ళి, సీసాలో కూర్చుని తిరిగొచ్చింది.

కఫాన్ని పల్చబరిచే మందుల కథ అది. దగ్గునే అణిచేసే మందుల కథ నల్లమందుతో మొదలైంది. 1832లో పారిస్‌లో రోబికే అనే రసాయన శాస్త్రవేత్త నల్లమందు నుంచి కోడీన్‌ను వేరుచేశాడు. 1898లో బేయర్ కంపెనీ దగ్గుకని ఒక కొత్త మందును అమ్మకానికి పెట్టింది. దాని పేరు హెరాయిన్. అవును, ఆ హెరాయినే. క్షయతో ఇంటింటా దగ్గే వినపడుతున్న రోజులవి, దగ్గు ఆగితే చాలనుకున్నారు. జనం దానికి బానిసలవుతున్నారని తేలాక 1913లో తయారీ ఆపేశారు. మత్తు అంతగా ఇవ్వని బదులు మందు కోసం వెతికితే 1950ల్లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ దొరికింది. నేటికీ ‘పొడి దగ్గు’ సీసాల్లో ఎక్కువగా ఉండేది అదే.

కోడీన్ మాత్రం మన దేశంలో దశాబ్దాల పాటు సిరప్‌లలో ఉండిపోయింది. దగ్గు లేనివాళ్ళే మత్తు కోసం దాన్ని ఎక్కువగా తాగారు. మన దగ్గర తయారైన సీసాలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌కు దొంగతనంగా చేరేవి. ఆ దేశం 1982లోనే వాటిని నిషేధించింది.

దీనికి తోడు మన కంపెనీలకు కలిపేయడం అంటే ఇష్టం. కఫాన్ని బయటికి తెచ్చేదీ, దగ్గును ఆపేదీ ఒకే సీసాలో పోస్తారు. తలుపు తోస్తూనే గడియ పెట్టినట్టు! 2016 మార్చిలో కేంద్రం 344 మందుల మిశ్రమాలను నిషేధించింది. వాటిలో దగ్గు మందులు చాలానే ఉన్నాయి. కంపెనీలు కోర్టుకెళ్ళాయి, ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చివరికి 2023 జూన్‌లో ఆ 344లోని 14 మిశ్రమాలపై మళ్ళీ నిషేధం వచ్చింది. బ్రోమ్‌హెక్సిన్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కలిసిన సిరప్ అందులో ఒకటి. ఆ జాబితా చూసినప్పుడు, మా ఇంట్లో ఎన్నేళ్ళు దాన్ని నమ్మకంగా తాగామో గుర్తొచ్చింది.

ఇక పిల్లల్ని చంపింది ఈ మందులేవీ కావు. మందును కరిగించే ద్రవం. సిరప్ చిక్కగా, తియ్యగా ఉండటానికి గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి కలుపుతారు. మందుల కోసం శుద్ధి చేసిన రకానికి ధర ఎక్కువ. ఫ్యాక్టరీల్లో వాడే రకం చవక, కానీ అందులో డైఇథిలీన్ గ్లైకాల్ ఉండొచ్చు. అదీ తియ్యగానే ఉంటుంది. నోటికి తేడా తెలియదు. తాగిన ఒకట్రెండు రోజుల్లో వాంతులు, ఆ తర్వాత బిడ్డకు ఒంటేలు ఆగిపోతుంది. కిడ్నీలు పోయాయన్నమాట.

1937లో అమెరికాలో ఇదే విషం వందమందికి పైగా ప్రాణాలు తీస్తే, మరుసటి ఏడాదే అక్కడ మందుల చట్టం మారిపోయింది. మన దగ్గర 1972లో మద్రాసులో పిల్లలు, 1986లో బొంబాయి జేజే ఆసుపత్రిలో 14 మంది చనిపోయారు. 1998లో గుర్‌గావ్ సిరప్‌తో 33 మంది పిల్లలు పోయారు. 2020లో జమ్మూ ప్రాంతంలో మళ్ళీ అదే. 2022లో మన సిరప్‌లు ఆఫ్రికాలోని గాంబియా వెళ్ళాయి, అక్కడ దాదాపు 70 మంది పిల్లలు. అదే ఏడాది చివర ఉజ్బెకిస్తాన్. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 20 మందికి పైగా. కాంచీపురంలో తయారైన ఆ కోల్డ్‌రిఫ్ సిరప్‌ను తమిళనాడు ల్యాబ్ పరీక్షిస్తే 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది. ఉండదగ్గది 0.1 శాతం. తెలంగాణ డ్రగ్ కంట్రోల్ శాఖ కూడా దాన్ని వాడొద్దని హెచ్చరిక ఇచ్చింది. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు మందులు రాయొద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకు సాధారణంగా అవసరం లేదని కేంద్రం చెప్పింది కూడా ఆ అక్టోబరులోనే.

నిబంధనలు లేక కాదు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ షెడ్యూల్ ‘హెచ్’లో ఉంది, అంటే డాక్టరు చీటీ ఉండాలి. చీటీ లేకుండా కొనే మందుల్ని ఓటీసీ, ఓటీసీ అంటుంటాం గానీ మన చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదు. చీటీ అడిగితే పక్క షాపుకు పోతాం, షాపతనికీ అది తెలుసు.

సీసాకు ఇంత పేరెందుకు వచ్చిందంటే, దానికి కారణం రోజుల లెక్క. జలుబుతో వచ్చే దగ్గు వారంలో పోవాలని మనం అనుకుంటాం. 2013లో అమెరికాలో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, అది సగటున 18 రోజులు ఉంటుందని తేలింది. పదో రోజున సీసా కొంటాం, పద్ధెనిమిదో రోజున దానంతటదే తగ్గుతుంది, పేరు సీసాకు వస్తుంది. అయితే ఈ లెక్క చూసుకుని ధీమాగా కూర్చోవడానికీ లేదు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా సరే టీబీ పరీక్ష చేయించాలన్నది మన జాతీయ కార్యక్రమం పెట్టిన గీత. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పరీక్ష ఉచితం.

టీబీ కాకపోతే ఉబ్బసం కావచ్చు, కడుపులో ఆమ్లం పైకి తన్నడం కావచ్చు, ముక్కు వెనక నుంచి గొంతులోకి కారే అలర్జీ కావచ్చు. మా బాబాయిది వీటిలో ఏదీ కాదు. మూడు నెలలు పొడి దగ్గు, మూడు సీసాలు, రాత్రిళ్ళు పిన్నికి నిద్ర లేదు. చివరికి ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన స్టెతస్కోపు తీయకముందే, “ఎన్నాళ్ళ నుంచండీ? బీపీకి ఏం వాడుతున్నారు?” అని అడిగారు. బాబాయి జేబులోంచి రామిప్రిల్ స్ట్రిప్ తీసి చూపించాడు. ఆ రకం బీపీ మాత్రలు కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయట. మాత్ర మార్చి రాశారు, నెల తిరక్కుండానే దగ్గు ఆగింది. ఇంటికొచ్చాక బాబాయి కోపమంతా మాత్ర మీద కాదు. “మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ పొడి దగ్గా, కఫమా అనే అడిగాడురా” అన్నాడు.