ఈత్0 ఎటు పోయింది? లినక్స్‌లో పరికరాల పేర్ల వెనుక కథ

కొత్తగా లినక్స్ వేసిన మెషీన్లో నెట్‌వర్క్ కార్డు ఏ పేరుతో ఉందో చూస్తే, ఈఎన్‌పీ3ఎస్0 లాంటిదేదో కనిపిస్తుంది. పాత అడ్మిన్ల నోట్లో నానిన ఈత్0 అనే పేరు కనిపించదు. పరికరానికి పేరు పెట్టాల్సింది కెర్నెలా (లినక్స్ లోపలి ప్రధాన భాగం), బయటి ప్రోగ్రామా అని ఏళ్ల తరబడి నడిచిన తగువు ఇక్కడిదాకా తెచ్చింది.

యునిక్స్ సంప్రదాయంలో హార్డ్ డిస్కయినా కీబోర్డయినా డెవ్ డైరెక్టరీలో ఒక ఫైలుగా కనిపిస్తుంది. ఆ ఫైలు పేరు మనకోసమే. కెర్నెల్ చూసేది దాని వెనకున్న మేజర్, మైనర్ అనే రెండు అంకెలనే. మొదటి డిస్కులో మొదటి పార్టిషన్ అయిన ఎస్‌డీఏ1 దాని లెక్కలో 8, 1. ఒకప్పుడు ఈ ఫైళ్లన్నీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే, పరికరం ఉన్నా లేకున్నా, సృష్టించి పెట్టేవారు. రెడ్ హ్యాట్ 9 వచ్చేనాటికి అవి వేలకు వేలయ్యాయి. వాటిలో నిజంగా మెషీన్లో ఉన్నవేవో ఆ జాబితా చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా మేజర్, మైనర్‌లకు చెరో 8 బిట్లే. యూఎస్‌బీ వచ్చి, ఎప్పుడు ఏది తగిలిస్తారో తెలియని రోజులు మొదలయ్యాక ఈ పద్ధతి చేతులెత్తేసింది.

మొదటి మందు, రిచర్డ్ గూచ్ రాసిన డెవ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్. 2001లో వచ్చిన 2.4 కెర్నెల్లో ఇది ఉంది. ఉన్న పరికరాలకే ఫైళ్లు కనిపించేలా చేసింది, బాగానే ఉంది. కానీ ఏ పేరు పెట్టాలన్నది కూడా కెర్నెల్లోనే తేల్చేసింది. పేరు నచ్చకపోతే మార్చుకోవడం తేలిక కాదు, కోడ్‌లోని లోపాలు సరిదిద్దే నాథుడూ కరువయ్యాడు. 2006లో 2.6.18తో దాన్ని పూర్తిగా పీకేశారు.

అప్పటికే 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ యూడెవ్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. పేర్ల పెత్తనం కెర్నెల్ బయటికి రావాలన్నది ఆయన వాదన. పాట్రిక్ మోచెల్ తెచ్చిన, పరికరాల వివరాలను ఫైళ్లుగా చూపే సిస్ఎఫ్ఎస్ దానికి ఆధారమైంది. పెన్‌డ్రైవ్ గుచ్చగానే కెర్నెల్ "కొత్తది వచ్చింది" అని కబురు పంపుతుంది. యూడెవ్ సిస్ఎఫ్ఎస్‌లోకి వెళ్లి తయారీదారు నంబరు, సీరియల్ నంబరు చదువుతుంది, రూల్స్ ఫైళ్లతో పోల్చి చూస్తుంది. ఏదైనా రూల్ కలిస్తే అది చెప్పిన పేరు, అనుమతులు ఇస్తుంది. లేకుంటే కెర్నెల్ పెట్టిన పేరే ఉంటుంది.

దీని విలువ డిస్కుల దగ్గర తెలిసొచ్చింది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి దొరికిన వరసను బట్టి వచ్చే పేర్లు. ఒక డిస్కు అదనంగా పెట్టి రీబూట్ చేస్తే వరస తారుమారు కావచ్చు, బూట్‌లో ఏ డిస్కులు తెరవాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో పాత పేరు రాసుకున్నవాడికి టెన్షనే. 2007 ప్రాంతంలో పాతరకం ఐడీఈ డిస్కులు కొత్త డ్రైవర్ల కిందికి మారి, హెచ్‌డీఏ కాస్తా ఎస్‌డీఏ అయినప్పుడు ఈ తలనొప్పి అందరికీ చుట్టుకుంది. అందుకే డిస్ట్రోలు (లినక్స్ రకరకాల పంపిణీలు) యూయూఐడీల వైపు, అంటే ఒక్కో పార్టిషన్‌కు ఉండే ప్రత్యేక గుర్తుల వైపు మళ్లాయి. చూడ్డానికి చాంతాడంత ఉన్నా, డిస్కు ఎక్కడ తగిలించినా ఆ గుర్తు మారదు.

2009లో 2.6.32 కెర్నెల్లోకి డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ వచ్చింది. అంటే పరికరం ఫైలును మొదట మళ్లీ కెర్నెలే సృష్టించడం. డెవ్ఎఫ్ఎస్‌ను తరిమేసినవాళ్లే దాన్ని దొడ్డిదారిన తెచ్చారని కొందరు ఎగతాళి చేశారు. నాకైతే ఆ మాట సగమే నిజం అనిపిస్తుంది. ఎందుకంటే ఈసారి కెర్నెల్ మామూలు పేరుతో ఆగిపోతుంది, అదనపు లింకులు, అనుమతుల సంగతి యూడెవ్‌దే. 2012లో యూడెవ్‌ను, మెషీన్ లేవగానే సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డీలో కలిపేశారు. అది గిట్టని జెంటూ డిస్ట్రో డెవలపర్లు కొందరు ఈయూడెవ్ పేరుతో వేరు కాపురం పెట్టారు.

నెట్‌వర్క్ కార్డుల గొడవ మాత్రం మిగిలింది. రెండు కార్డులున్న సర్వర్‌లో ఏ డ్రైవర్ ముందు లేస్తే దానికే ఈత్0. రీబూట్‌లో అవి అటూ ఇటూ అయితే, లోపలి నెట్‌వర్క్‌కు రాసుకున్న ఫైర్‌వాల్ రూల్స్ బయటి కేబుల్‌కు పడతాయి. కార్డుకుండే ప్రత్యేక నంబరు, అంటే మ్యాక్ అడ్రస్‌ను బట్టి పేరు గుర్తుంచుకునే రూల్స్ కొన్నాళ్లు నడిచాయి. వర్చువల్ మెషీన్ క్లోన్ చేసినవాళ్లకు ఆ సుఖమూ దక్కలేదు. మ్యాక్ మారేసరికి కొత్త మెషీన్లో ఈత్1 ప్రత్యక్షం, ఈత్0 మాయం.

2013 జనవరిలో సిస్టమ్‌డీ 197 కార్డు ఉన్న చోటునే పేరుగా మార్చింది. ఈఎన్ అంటే ఈథర్నెట్, పీ3 అంటే 3వ నంబరు పీసీఐ బస్సు (కార్డులు తగిలే దారి), ఎస్0 అంటే సున్నా నంబరు స్లాట్. ఇక పేరు మారదనుకుంటే పొరపాటే. కొత్తగా గ్రాఫిక్స్ కార్డు బిగిస్తే కొన్ని మదర్‌బోర్డుల్లో బస్సు నంబర్లు జరిగి, ఈఎన్‌పీ3ఎస్0 ఈఎన్‌పీ4ఎస్0 అవుతుంది, నెట్ పోతుంది. ఒకే కార్డున్న మెషీన్లలో ఇదంతా ఎందుకని, బూట్ ఆప్షన్లలో నెట్.ఇఫ్‌నేమ్స్=0 అని రాసి ఈత్0నే తిరిగి తెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.