ఆ నవ్వులు ఎవరివి?

చిన్నారికి, బుజ్జిబాబుకి,

తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జిగాడు "తాతయ్యా, ఆ పాత అమెరికన్ టీవీ కామెడీ ఐ లవ్ లూసీ షోలో నవ్వేవాళ్ళు ఎవరు? ఒక్కరూ కనపడరేం?" అని అడిగాడు. ఇంతలో అమ్మ స్కూలు బస్సు వచ్చిందని ఫోన్ లాక్కుంది.

వాళ్ళు నిజం మనుషులేరా. హాలీవుడ్ స్టూడియోలో మెట్లలా కట్టిన బల్లల మీద సుమారు 300 మంది కూర్చునేవారు. లూసీ వేషం వేసిన లూసిల్ బాల్, ఆవిడ భర్త డెసీ ఆర్నాజ్, మిగతావాళ్ళు వారమంతా రిహార్సల్స్ చేసుకుని ఒక సాయంత్రం వాళ్ళ ఎదుట ఆడేవారు. కెమెరాలు నటుల వైపే తిరిగి ఉంటాయి, జనం నవ్వు మాత్రం మైకుల్లో పడుతుంది. ఆ జనంలో లూసిల్ వాళ్ళమ్మ కూడా ఉండేది.

లూసిల్‌ది మీ పక్క రాష్ట్రమే, న్యూయార్క్‌లోని జేమ్స్‌టౌన్. 1911లో పుట్టింది. టెలిఫోన్ లైన్లు వేసే నాన్న టైఫాయిడ్‌తో పోయేనాటికి ఆవిడకు నాలుగేళ్ళు నిండలేదు. పదిహేనేళ్ళ ప్రాయంలో నాటకాల బడికి వెళ్తే, బెరుకు ఎక్కువ, పనికిరాదని ఇంటికి పంపేశారు. డ్యాన్స్ టీచర్ ఏదో అన్నారని చిన్నారి అన్నం మానేసిందట కదా! ఈ అమ్మాయి అన్నమూ మానలేదు, పట్టూ వదల్లేదు. మోడల్‌గా పనిచేసింది, సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసింది. నలభై ఏళ్ళు వస్తేగానీ దశ తిరగలేదు.

ఇక ఆ షో తీసిన తీరు మన ఆవకాయతో పోల్చి చెబుతాను. 1951లో టీవీ షో అంటే చాలావరకు మామిడికాయ పప్పు. ఆ పూట వండారు, ఆ పూట తిన్నారు, అయిపోయింది. న్యూయార్క్‌లో లైవ్‌గా ఆడినదాన్ని టీవీ తెర ముందు కెమెరా పెట్టి తీసి దూరపు ఊళ్ళకు పంపేవారు. పొద్దుటి పప్పు రాత్రికి వేడిచేసి పెట్టినట్టు, బొమ్మ మసకమసగ్గా ఉండేది. ఈ దంపతులు మాత్రం హాలీవుడ్ వదలం, సినిమా ఫిల్మ్ మీద మూడు కెమెరాలతో తీస్తాం అన్నారు. అంటే ఆవకాయ పెడతామన్నారు. ఆవకాయకి నూనె ఖర్చెక్కువ కదా, షో ప్రసారం చేసే సీబీఎస్ టీవీ వాళ్ళు సణిగారు. సరే, మా జీతం తగ్గించుకుంటాం, జాడీ మాత్రం మాదే, అంటే ఆ ఫిల్ములు మావే అన్నారు వీళ్ళు.

వేసవిలో మా బామ్మ జాడీలకు వాసెన కట్టి అటకెక్కించేది. ముక్కల్లోంచి జీడి తీసి, పొర గీకి, తుడిచే పని పిల్లలది. తుడిచినందుకు ఒక ముక్క, చెప్పకుండా తిన్నందుకు వీపు మీద ఒకటి. వానాకాలం ముసురు పట్టి కూరలు దొరకనప్పుడు జాడీ కిందికి దిగేది. ఇక ఆ పూట ఇంటిల్లిపాదికీ విందే.

లూసిల్‌కూ అలాంటి ముసురు వచ్చింది. 1953 జనవరి 19న ఆవిడకు బాబు పుట్టాడు. అదే రాత్రి షోలో లూసీకీ బాబు పుట్టాడు! అది ముందే తీసి ఉంచిన ఎపిసోడ్. 4 కోట్ల 40 లక్షల మంది చూశారట. ఆవిడ కొత్తవి చెయ్యలేని రోజుల్లో పాతవే మళ్ళీ వేస్తే, జనం మళ్ళీ చూశారు. తర్వాత ఆ ఫిల్ములన్నీ సీబీఎస్సే లక్షల డాలర్లు పోసి కొనుక్కుంది. జాడీ ఖరీదు చూశారా! 1957లో, ఒకప్పుడు తను చిల్లర వేషాలు వేసిన ఆర్‌కేఓ స్టూడియోనే ఈ దంపతులు కొనేశారు. విడాకులయ్యాక, 1962లో భర్త వాటా కూడా కొని వాళ్ళిద్దరి కంపెనీ మొత్తాన్నీ ఆవిడే నడిపింది. మీ నాన్నకి పిచ్చి ఇష్టమైన స్టార్ ట్రెక్ సీరియల్ తయారైంది అక్కడే. కెమెరాలు మూడైతే జాడీలు మూడా అని అడగకండి, ఆవకాయ అంతవరకే.

ఆవిడ ఎలా నవ్విస్తుందో మాత్రం ఉత్తరంలో రాసి చూపించలేను. 1952 నాటి చాక్లెట్ ఫ్యాక్టరీ ఎపిసోడ్ పెట్టుకోండి. బెల్టు మీద చాక్లెట్లు ఒకదాని మీద ఒకటి దూసుకొస్తుంటే చుట్టలేక దాచేస్తుంటుంది. మొదటిసారి సౌండ్ తీసేసి ఆవిడ కళ్ళే చూడండి. చేతులకంటే ముందు కంగారు కళ్ళలోకి వస్తుంది. రెండోసారి చాక్లెట్లు ఎన్ని చోట్ల దాచిందో ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి ఆదివారం ఫోన్‌లో చెప్పండి. నా లెక్క కాగితం మీద రాసి ఉంచాను.

మీ తాతయ్య