అట్లకాడ కింద బర్గర్

డల్లాస్‌లో మా తమ్ముడు నన్నొక బర్గర్ హోటల్‌కు తీసుకెళ్లాడు. మరీ ఖరీదైనది కాదు, అలాగని చవకదీ కాదు. వంటగది కనిపించేచోట కూర్చున్నాం. వంటమనిషి ఖీమా ఉండను కాలిన పెనం మీద వేసి, అట్లకాడతో అణిచేశాడు. చుయ్యిమంది. అయ్యో, రసమంతా పోయిందే అనుకున్నాను.

పోదు. అప్పుడే వేసిన ఖీమాలో కొవ్వు ఇంకా చల్లగా, గట్టిగా ఉంటుంది. అది కరిగాక అణిస్తేనే రసం పెనం పాలు.

అసలు అణచడమెందుకు? ఉండలాగే ఉంటే పెనానికి తగిలేది కొంచెమే. పలచగా చేస్తే అడుగంతా తగులుతుంది, రుచి పుట్టేది అక్కడే. తడి ఉన్నంతసేపూ మాంసం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. తడి ఆరి 140 దాటాక ప్రొటీన్ల అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి వందలాది కొత్త వాసనల్ని పుట్టిస్తాయి. ఈ చర్య గురించి 1912లో రాసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన లూయీ కమీ మయార్. దోసె ఎర్రగా కాలినప్పుడు జరిగేదీ ఇదే. ఉడకబెట్టిన మాంసానికి ఆ కమ్మదనం రాదు, పాపం.

ఉప్పు కూడా చివర్లో పైపైనే చల్లాడు. ముందే ఖీమాలో కలిపి పిసికితే మయోసిన్ అనే ప్రొటీన్ కరిగి జిగురవుతుంది, కొరికితే రబ్బరులా సాగుతుంది. సీక్ కబాబ్‌కైతే ఆ జిగురే కావాలి, లేకపోతే ఊచకు నిలవదు.

తమ్ముడు మందపాటి బర్గర్ చెప్పాడు. "లోపల కాస్త గులాబీగా ఉంచమంటారా?" అని వాడినే అడిగారు. వద్దన్నాడు. పక్క బల్ల మీదాయన మాత్రం ఎర్రటి స్టేక్, అంటే ఖీమా కొట్టని మందపాటి మాంసం ముక్క, హాయిగా తింటున్నాడు. అతనికి లేని భయం వీడికెందుకు? మాంసం ముక్కకు క్రిములు ఎక్కువగా పైనే ఉంటాయి, పెనం తగలగానే చస్తాయి. ఖీమా కొట్టినప్పుడు పైనున్నవి లోపలికి పోతాయి. 1993లో అమెరికా పడమటి రాష్ట్రాల్లో సరిగ్గా ఉడకని బర్గర్లలోని ఇ. కోలై అనే బ్యాక్టీరియా వల్ల 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. అక్కడి వ్యవసాయ శాఖ స్టేక్‌కు 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విరామం చాలంటుంది. గొడ్డు ఖీమాకైతే 71 ఉండాల్సిందే.

తమ్ముడిది వచ్చింది. కోసి చూస్తే మధ్యలో గులాబీ! వెనక్కి పంపాడు. వంటమనిషి మా ఎదుటే థర్మామీటర్ గుచ్చాడు. 165 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 74. బాగా ఉడికినా ఒక్కోసారి ఆ రంగు పోదు, ఉడక్కుండానే గోధుమరంగుకు మారేదీ ఉంటుంది. తమ్ముడు తిన్నాడు, అనుమానంగానే.