గీత తప్పితే టైల్ పాడైనట్టేనా? జెంటాంగిల్ గురించి అపోహలు - వాస్తవాలు

"రబ్బరు తెచ్చుకోవచ్చా అండీ?" జెంటాంగిల్, అంటే టైల్ అనే చిన్న చదరపు కాగితం మీద పెన్నుతో నమూనాలు నింపుకుంటూ పోయే కళ, నేర్చుకోవడానికి కొత్తగా చేరేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే. వద్దండీ అంటే కాసేపు ఆగి రెండోది అడుగుతారు: "మరి గీత తప్పితే?" ఈ రెండో ప్రశ్నకు సరైన జవాబు దొరక్క, చక్కగా గీయగల చేతులు ఎన్నో రెండో మూడో టైల్ దగ్గరే ఆగిపోతున్నాయి. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: గీత తప్పితే టైల్ పాడైనట్టే

ఈ భయం ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. మన ఇళ్లలో నమూనా గీయడం అంటే ముగ్గు. 15 చుక్కల నుంచి 8 వచ్చేవరకు సందు చుక్క పెట్టి మెలికల ముగ్గు వేస్తే, ఆఖరి మెలిక ఎక్కడికొచ్చి కలవాలో చుక్కలు పెట్టినప్పుడే ఖాయమైపోతుంది. ఒక వరుసలో చుక్క తగ్గినా, ఒక మెలిక పక్క సందులోకి దూరినా చివర్లో గీత కలవదు. అక్కడ తప్పు నిజంగా తప్పే, తుడిచి మళ్లీ వేయాల్సిందే. బడిలో డ్రాయింగ్ పీరియడ్ కూడా అంతే. బోర్డు మీద కొండలు, కొబ్బరిచెట్టు, గుడిసె ఉంటే మన పుస్తకంలోనూ అలాగే పడాలి.

జెంటాంగిల్‌లో పక్కన పెట్టి పోల్చడానికి అసలు బొమ్మంటూ ఏదీ లేదు. 3.5 అంగుళాల చదరపు కాగితం, అదే టైల్. నాలుగు మూలల్లో, అంచుకు అర సెంటీమీటరు లోపల పెన్సిల్‌తో నాలుగు చుక్కలు. వాటిని కలుపుతూ లేత హద్దు గీత. అది వంకర పోయినా పర్లేదు, వంకరగా ఉంటేనే బాగుంటుంది. లోపల పెన్సిల్‌తోనే ఒక స్ట్రింగ్, అంటే టైల్‌ని మూడు నాలుగు గదులుగా విడగొట్టే తీగలాంటి గీత. ఆ తర్వాత పెన్ను పట్టి ఒక్కో గదిలో ఒక్కో టాంగిల్, అంటే ఒక్కో పేరున్న చిన్న నమూనా, నింపుకుంటూ పోవడం, చివర పెన్సిల్ షేడింగ్, మూలన పొడి అక్షరాలు. పూర్తయ్యాక ఎలా ఉంటుందో గీసేవాళ్లకే తెలియదు. పైకీ కిందకీ కూడా తేడా లేదు, టైల్ ఎటు తిప్పి చూసినా అది సరైన వైపే. ముందుగా అనుకున్న రూపం లేనప్పుడు దాని నుంచి తప్పడం అనేది ఉండదు. ఉండేదల్లా అనుకోని గీత. దాని తర్వాత ఏం గీస్తామన్నదే పని.

మాటల్లో ఇది ఒప్పుకున్నా చెయ్యి ఒప్పుకోదు. భయపడిన చెయ్యి చేసే పనులు మూడు, మూడూ గీతను ఇంకా చెడగొట్టేవే.

ఒకటి, పెన్ను నొక్కడం. మనం వాడే 01 నంబరు పిగ్మెంట్ పెన్ను గీత మందం 0.25 మిల్లీమీటర్లు. ఆ మొన సుతారమైనది. నొక్కితే అది అరిగి లోపలికి కుంగుతుంది, గీత లావెక్కి అంచులు చెదురుతాయి. కొత్త పెన్ను వారంలోనే పాడైందని ఎవరైనా చెబితే మొన చూడండి, నూటికి తొంభై సార్లు నొక్కుడే కారణం. కాగితం మీద పెన్ను బరువు తప్ప చేతి బరువు పడకూడదు.

రెండు, ముందు పెన్సిల్‌తో మొత్తం గీసుకుని తర్వాత పెన్నుతో దిద్దడం. దీనివల్ల గ్రాఫైట్ పొడి మొనలో ఇరుక్కుని ఇంకు తెగితెగి వస్తుంది. అదొక నష్టం. అసలు నష్టం వేరే ఉంది. దిద్దేటప్పుడు కళ్లు పాత గీతను వెంటాడతాయి, చెయ్యి వణుకుతుంది, నేరుగా గీస్తే నున్నగా వచ్చే గీత దిద్దుడుతో గరుకుగా వస్తుంది. పెన్సిల్ స్ట్రింగ్‌కీ హద్దుకీ షేడింగ్‌కీ మాత్రమే.

మూడు, ఊపిరి బిగబట్టడం. గమనించండి, పొడవు గీత మొదలుపెట్టగానే భుజాలు పైకి లేస్తాయి. గీత మధ్యలో ఊపిరి వదలాల్సి వస్తుంది, సరిగ్గా అక్కడే మెలిక పడుతుంది. ఊపిరి వదులుతూ గీత మొదలుపెట్టండి. పొడవు గీతకు వేళ్లు కాదు, మోచేయి కదలాలి. వంపు కష్టంగా ఉంటే చెయ్యి మెలితిప్పకండి, ఎడమచేత్తో టైల్ తిప్పండి.

ఇక నిజంగా గీత తప్పినప్పుడు ఏం చేయాలి. "తప్పులు లేవు" అని నవ్వి ఊరుకుంటే కంగారు పడేవాళ్లకు ఏమీ ఒరగదు, చెయ్యాల్సింది చూపించాలి. ఎక్కువగా ఎదురయ్యేవి చెబుతాను.

హాలిబా అనే టాంగిల్ తీసుకోండి. ఒక గది ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు సమాంతర గీతలు, అదొక పట్టీ. రెండో పట్టీ దాని వెనక నుంచి పోవాలి. అంటే మొదటి పట్టీ అంచు తాకగానే పెన్ను లేపి, అటువైపు అంచు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఇక్కడ రెండు రకాలుగా తప్పుతుంది. మొదటిది, అటువైపు గీత ఇటువైపు గీతకు వరస కుదరదు. కారణం, చూపు పెన్ను మొన మీద ఉండటం. చూపు గీత చేరాల్సిన చోట పెట్టి, పట్టీ మీదుగా వెళ్లేటప్పుడు చెయ్యి ఆపకుండా మొన మాత్రం లేపండి, వరస దానంతటదే కుదురుతుంది. అప్పటికే కుదరకపోతే ఆ కూడలి దగ్గర షేడింగ్ దట్టంగా వేయండి. నీడలోకి పోయిన గీత ఎక్కడ తేలిందో కన్ను లెక్కపెట్టదు.

రెండోది, లేపడం మర్చిపోయి గీత పట్టీ మీదుగా దూసుకుపోతుంది. అందరూ "అయ్యో" అనేది ఇక్కడే. ఆ గీతకు పక్కనే, పట్టీ లోపలే, ఒకటిన్నర మిల్లీమీటరు ఎడంతో మరో నాలుగైదు గీతలు గీయండి. పట్టీకి చారలు వచ్చేస్తాయి. అదే పట్టీకి ఇంకో రెండు చోట్ల కూడా చారలు పెడితే ఎవరూ దాన్ని పొరపాటు అనుకోరు, మీరు కూడా.

క్రెసెంట్ మూన్‌లో అంచుల వెంట నల్లని అర్ధచంద్రులు, ఒక్కోదాని చుట్టూ ఆరా, అంటే దాని రూపాన్నే అనుసరించే పక్క గీత. ఆరా జారి చంద్రుడికి తగిలిందనుకోండి, మధ్యలో మిగిలిన సన్నని తెలుపును కూడా నల్లగా నింపేసి కొత్త అంచుకు ఆరా వేయండి. చంద్రుడు కాస్త లావయ్యాడు, అంతే.

కేడెంట్‌లో చిన్న గుండ్రాలను ఎస్ ఆకారపు వంపులతో కలుపుతాం. ఒక వంపు తిరగబడితే దాన్ని ఒంటరిగా వదలకండి. ఆ వరుస మొత్తం అలాగే తిరగేయండి, తర్వాతి వరుస మామూలుగా, మళ్లీ ఒకటి తిరగేసి. ఒక్కసారి జరిగింది పొరపాటులా కనిపిస్తుంది, వరుస కట్టింది నమూనా అయిపోతుంది.

పారడాక్స్ మాత్రం కాస్త మొండిది. త్రిభుజంలో ఒక మూల నుంచి బయల్దేరి, ఎదుటి మూలకు రెండు మిల్లీమీటర్ల ముందు ఆపి, టైల్ తిప్పి, అక్కడి నుంచి మళ్లీ అలాగే. అన్నీ తిన్నని గీతలే, చూస్తే సుడి తిరిగినట్టు ఉంటుంది. మొదటి ఎడం నాలుగైదు మిల్లీమీటర్లు పెడితే మూడు చుట్లకే ముగిసిపోయి సుడి రాదు. ఒక మూల మర్చిపోయి దాటేస్తే సుడి అక్కడ విరుగుతుంది. విరిగిన చోట అతికించబోకండి. మిగిలిన ఖాళీని కొత్త త్రిభుజంగా ఎంచుకుని ఎదురు దిక్కులో తిప్పండి. రెండు సుడులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తాయి, ఒంటి సుడి కన్నా అందంగా ఉంటుంది.

ఇంకు చుక్క పడితే వేలితో తుడవకండి, పాముకుంటుంది. ఆరనివ్వండి, దాన్ని గుండ్రంగా చేసి, చుట్టూ ఆరా వేసి, దగ్గర్లో అలాంటివే ఇంకో రెండు పెట్టండి. మొత్తం గజిబిజి అయిపోయిందా, ఆ గది మొత్తం నల్లగా నింపేయండి. టైల్‌లో ఒక చోట చిక్కటి నలుపు ఉంటే పక్కనున్న సన్నగీతలు లేచి కనిపిస్తాయి. ఇది కప్పిపుచ్చుకోవడం కాదు. నలుపు లేని టైల్స్ చాలావరకు వెలవెలబోతాయి.

షేడింగ్‌లో కూడా ఇలాంటి భయమే, కాకపోతే అక్కడ అది తక్కువ వేయడంగా బయటపడుతుంది. 2బీ పెన్సిల్‌ని పక్కకు వాల్చి, వెనక్కి పోతున్న పట్టీ అంచు పక్కన ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ముదురుగా రుద్ది, కాగితపు స్టంప్‌తో, అంటే గట్టిగా చుట్టిన కాగితపు పుల్లతో, బయటి వైపుకు లాగండి. వేలితో రుద్దితే చర్మపు జిడ్డు కాగితానికి పట్టి మరకలు తేలతాయి.

సృజన తిరిగొస్తుందని అనేది ఈ చోటు గురించే. ఒకే దశలవారీ బొమ్మ చూసి పదిమంది హాలిబా గీస్తే పది రకాలుగా వస్తుంది. ఎవరి గీత ఎక్కడ జారింది, జారాక వాళ్లు ఏం చేశారు అన్నదానిలోనే ఆ తేడా ఉంది. "ఇప్పుడు ఇక్కడ ఏం చేద్దాం" అని తనకు తాను నిర్ణయం తీసుకోవడం చాలామంది పెద్దవాళ్లు కాగితం మీద ఏళ్ల తరబడి చేసి ఉండరు. రబ్బరు ఇస్తే ఆ నిర్ణయం తీసుకునే అవసరమే పోతుంది. రబ్బరు వద్దనడానికి కారణం ఇదే, క్రమశిక్షణ కాదు. చించిపారేసిన ప్రతి టైల్‌తోనూ అలాంటి ఒక నిర్ణయం చెత్తబుట్టలోకి పోతోంది. దయచేసి చించకండి. వెనక తేదీ వేసి దాచండి, ఓ నెల తర్వాత చూస్తే ఏ గీతకు బాధపడ్డారో వెతికినా దొరకదు.

అపోహ: నాకు బొమ్మలు రావు, ఇది నావల్ల కాదు

ధనుర్మాసం నెల్లాళ్లూ వాకిట్లో పెన్సిల్ లేకుండా, రబ్బరు లేకుండా పిండితో 21 చుక్కల ముగ్గు వేసే ఆవిడ కూడా ఈ మాటే అంటారు. వింటుంటే బాధేస్తుంది. ఇక్కడ కావాల్సింది చుక్క, తిన్నని గీత, వంపు, ఎస్ వంపు, గుండ్రం. ఈ ఐదూ తెలుగు అక్షరాలు రాసే ఎవరి చేతికైనా వచ్చినవే. ఎంత క్లిష్టంగా కనిపించే టాంగిల్ అయినా వీటితోనే కట్టుకుంటూ పోతాం.

అపోహ: చూసి గీస్తే కాపీ, సొంతంగా కనిపెడితేనే సృజన

రెండు వారాలకే సొంత టాంగిల్ కనిపెట్టాలని కూర్చుని, ఏదీ తోచక మానేసేవాళ్లున్నారు. ఐదారు టాంగిల్స్ చేతికి పట్టేదాకా చూసే గీయండి. కొత్తవి వాటిలోంచే పుడతాయి.

అపోహ: ఇది వేరే మతం ధ్యానం, మనసు ఖాళీ చేయాలి

పేరులో జెన్ ఉంది కాబట్టి ఈ అనుమానం. దీన్ని రూపొందించింది అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన రిక్ రాబర్ట్స్, మారియా థామస్ అనే ఇద్దరు, 2000ల మొదట్లో. మారియా అక్షరకళాకారిణి. ఒక పెద్ద అక్షరం వెనక సన్నని నమూనాలు నింపుతూ లోకం మర్చిపోయిన సంగతి ఆయనకు చెప్పింది. కొన్నేళ్లు సన్యాసిగా గడిపిన ఆయన, నువ్వు చెబుతున్నది ధ్యానం గురించే అన్నారు. అక్కడి నుంచి పుట్టింది. మంత్రం లేదు, దీక్ష లేదు, మనసు ఖాళీ చేయక్కర్లేదు. తర్వాతి గీత మీద ధ్యాస ఉంటే చాలు, అది పక్కకు పోతే గీతే చెబుతుంది. పేరు మాత్రం వాళ్ల ట్రేడ్‌మార్కు. దాని పేరుతో క్లాసులు చెప్పాలనుకునేవాళ్లు అది చూసుకోవాలి. ఇంట్లో కూర్చుని గీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అపోహ: రోజూ గీస్తే బీపీ తగ్గుతుంది, డిప్రెషన్ పోతుంది, మందులు మానేయొచ్చు

వాట్సాప్‌లో తిరిగే ఈ మాటలు దయచేసి ఫార్వర్డ్ చేయకండి. 2005లో నాన్సీ కర్రీ, టిమ్ కాసర్ అనే పరిశోధకులు 84 మంది కాలేజీ విద్యార్థులతో రంగులు వేయించి చూశారు. 20 నిమిషాల తర్వాత, ఖాళీ కాగితం ఇచ్చినవాళ్ల కన్నా మండల అనే గుండ్రటి నమూనాకో గళ్ల నమూనాకో రంగులు వేసినవాళ్లలో ఆందోళన ఎక్కువగా తగ్గింది. హద్దులున్న పని కాస్త కుదురునిస్తుందని అనుకోవడానికి ఇది బలమిస్తుంది. ఆ కాసేపు ఆందోళన తగ్గిందని మాత్రమే అది చెప్పింది, జబ్బు నయమైందని కాదు. పైగా అది రంగులు వేయడం గురించి, టాంగిల్స్ గురించి కాదు. మందులు వాడుతుంటే వాడండి, పక్కన గీయండి. నిద్ర పట్టడం లేదు, గుండె దడదడలాడుతోంది, బతకాలని లేదు అనిపిస్తుంటే టైల్ పక్కన పెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అలా చేయడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అపోహ: ఖరీదైన సామాన్లు లేకపోతే కుదరదు

ఇంపోర్టెడ్ టైల్స్ అక్కర్లేదు. 200 జీఎస్ఎం (కాగితం దళసరికి కొలత) పైన ఉన్న కాగితం, మరీ గరుకు కానిది, ఏ3 షీట్ ఒకటి కొనండి. 297 బై 420 మిల్లీమీటర్లు ఉంటుంది. 89 మిల్లీమీటర్ల చదరాలుగా కోస్తే 12 టైల్స్ వస్తాయి, మిగిలిన అంచు ముక్కలు కొత్త టాంగిల్ ప్రయత్నించడానికి. జిరాక్స్ కాగితం మాత్రం వద్దు, ఇంకు పీల్చుకుని గీత ఈకలు తేలుతుంది. జెల్ పెన్ను కూడా వద్దు, షేడింగ్ స్టంప్ తగలగానే పాముకుంటుంది. ఒక 01 పిగ్మెంట్ పెన్ను, ఒక 2బీ పెన్సిల్, ఒక స్టంప్ ఉంటే సరిపోతుంది. కలర్ సెట్లు, తెల్ల పెన్నులు, నల్ల టైల్స్ గురించి ఈ 12 అయిపోయాక అడగండి.