ఇంటి కింది బండ, ఇంట్లోని గాలి

1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఇంజనీరు డ్యూటీకి వెళ్లాడు. లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో రేడియేషన్ పట్టే యంత్రం ముందు నిలబడగానే అలారం మోగింది. ఆ ప్లాంటులో అప్పటికి కరెంటు తీయడం మొదలే కాలేదు. ఆరా తీస్తే ఆ రేడియేషన్ ఆయన ఇంటి నుంచే వచ్చిందని తేలింది. నేలలోంచి చేరిన రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఆ ఇంట్లో ఘనపు మీటరుకు సుమారు లక్ష బెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) ఉంది. ఇళ్లలో 100 దాటకుండా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది.

ఈ కథ అంతకన్నా పాతది. జర్మనీలోని ష్నీబెర్గ్ గనుల్లో కూలీలు తరతరాలుగా ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయేవాళ్లు. అది ఊపిరితిత్తుల్లో లేచే కణితి అని 1879లో ఇద్దరు డాక్టర్లు చెప్పారు. 1900లో జర్మన్ శాస్త్రవేత్త డోర్న్ రేడాన్ వాయువును గుర్తించాడు. ఆ గనుల గాల్లోనూ ఉండేది ఇదే. అది క్యాన్సర్ కారకమని 1988లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

మన ఓరుగల్లుకు ఏకశిలా నగరమని పేరు. హన్మకొండ గుట్టలైనా, కరీంనగర్ క్వారీలైనా అంతా గ్రానైటే. అందులో కొద్దికొద్దిగా ఉండే యురేనియం విరుగుతూ విరుగుతూ రేడియం అవుతుంది, ఆ రేడియం నుంచి రేడాన్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. దాన్నుంచి పుట్టే కణాలు దుమ్మును పట్టుకుని ఊపిరితిత్తుల్లో కూర్చుంటాయి. వంటింటి గ్రానైట్ బండ చూసి టెన్షన్ పడక్కర్లేదు, దాని వాటా మామూలుగా చాలా తక్కువ. అసలు దారి నేలే.

మారింది ఆ నేల కాదు, దాని మీద మనం కట్టుకునే ఇల్లు. మా బాపు కట్టిన పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పుడు మేముండే గ్రౌండ్ ఫ్లోర్‌లో పడకగదికి ఏసీ పెట్టి కిటికీలు బిగించాం. బాత్రూం పైపు నేలలోకి దిగేచోట బొటనవేలు పట్టేంత సందు ఉంది. ఏళ్ల తరబడి దాన్ని నేనూ పట్టించుకోలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది బీడీ. పొగ తాగేవాళ్లకు రేడాన్ ముప్పు తాగనివాళ్ల కంటే 25 రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బీడీలు చుట్టి బతికే ఊళ్లున్న జిల్లాలు మనవి.

ఎవరింట్లో ఎంతుందో కొలిస్తేనే తెలుస్తుంది, పక్కపక్క ఇళ్లలోనే తేడా ఉంటుంది. కొలవడానికి చిన్న ప్లాస్టిక్ ఫిల్మ్ ఉన్న డబ్బాను కొన్ని నెలలు గదిలో ఉంచితే చాలు. ఎక్కువని తేలితే నేల కింది గాలిని పైపుతో, ఫ్యాన్‌తో ఇంటి పైకి లాగేస్తారు. మా ఇంట్లో ముందు ఆ పైపు చుట్టూ సిమెంటు వేయించాను. ఇప్పుడు పొద్దున లేవగానే పడకగది కిటికీ రెండు రెక్కలూ తీస్తున్నాం.