అపోహలు - వాస్తవాలు: డ్రైవర్ మిమ్మల్ని చూశాడనుకోకండి

లారీ, బస్సు డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. కొత్త బ్యాచ్ రాగానే ఆగి ఉన్న లారీ బంపర్ ముందు, అడుగు దూరంలో సైకిల్ పట్టుకుని ఒకరిని నిలబెట్టి, మిగతావాళ్లను ఒక్కొక్కరిగా డ్రైవర్ సీట్లో కూర్చోబెడతాను. ఎత్తైన క్యాబిన్ అయితే మహా అయితే తల పైభాగం కనబడుతుంది, పిల్లవాడి ఎత్తుకు వంగమంటే అదీ ఉండదు. కింద నిలబడ్డ మనిషికేమో కళ్లెదుట అంత పెద్ద బండి! అందుకే "నాకు బండి కనబడుతోందంటే డ్రైవర్‌కి నేనూ కనబడుతున్నట్టే" అన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ అంటాను.

"పక్కన సందు ఉంది, సైకిల్ దూరిపోతుంది." సిగ్నల్ దగ్గర ఆ సందు నిజంగానే ఉంటుంది. కానీ పొడవైన బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. పైగా చోటు చాలక డ్రైవర్ ముందు అవతలి వైపుకి కొంచెం తిప్పి, తర్వాత ఇటు తిరుగుతాడు. అది చూసి దారిచ్చాడనుకుని సైకిల్ ముందుకు పోనిస్తే సందు మూసుకుపోతుంది. దయచేసి వెనకే ఆగండి, బండి తిరిగి వెళ్లిపోయాక కదలండి.

"దగ్గరికొచ్చినా బ్రేక్ వేస్తాడులే." 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. డ్రైవర్ చూసి బ్రేక్ తొక్కేసరికే ఒక సెకను అయిపోతుంది, పొడి రోడ్డు మీద కారు ఆగడానికి ఇంకో 14 మీటర్లు కావాలి. అదే 30లో అయితే మొత్తం 13 మీటర్లలో ఆగుతుంది. అంటే 20 మీటర్ల దూరంలో మీరు రోడ్డు మీదికి అడుగుపెడితే, 30లో వచ్చే కారు మీకు ముందే ఆగుతుంది, 50లో వచ్చేది బ్రేక్ వేశాక కూడా 35 కిలోమీటర్లకు పైగా వేగంతో తగులుతుంది. తడి రోడ్డు, లోడు లారీ అయితే ఇంకా దూరం కావాలి.

"ఒక బండి ఆగింది, ఇక దాటేయొచ్చు." ఆగింది ఆ ఒక్కటే. దాని చాటున పక్క వరుసలో వచ్చేవాడికి మీరు కనబడరు. ఆగిన బండి అంచు దాకా వెళ్లి, నిలబడి, తొంగి చూశాకే అడుగు వేయండి.

"ఎదురుగా తొక్కితే వచ్చే బండ్లు కనబడతాయి, సేఫ్." ఫుట్‌పాత్ లేనిచోట నడిచేవాళ్లకు ఇది సరైన పద్ధతే, సైకిల్‌కి కాదు. 15లో వెళ్లే సైకిల్, 50లో వచ్చే కారు ఎదురెదురైతే 65 వేగంతో దగ్గరవుతాయి, ఒకే దిశలో అయితే తేడా 35 మాత్రమే. పక్క రోడ్డులోంచి వచ్చే డ్రైవర్ కూడా మీవైపు చూడకపోవచ్చు.

"లేత రంగు బట్టలుంటే రాత్రి చాలు." నల్లవాటికన్నా నయమే, అంతవరకే. పగలు మెరిసే ఫ్లోరసెంట్ జాకెట్‌కి ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి, రాత్రి హెడ్‌లైట్ల కింద ఆ మెరుపు ఉండదు. రాత్రి పనికొచ్చేది హెడ్‌లైట్ వెలుగుని తిరిగి డ్రైవర్ కంటికే పంపే రిఫ్లెక్టివ్ టేప్. అది కూడా చీలమండలకు, పెడళ్లకు అంటించండి. పైకీ కిందకీ కదులుతుంటే అక్కడున్నది స్తంభం కాదు, మనిషి అని డ్రైవర్‌కి దూరం నుంచే తెలుస్తుంది.