క్లారినెట్ పైస్వరాలు: బ్యాండు వాళ్లలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

హన్మకొండలో పిల్లలకు క్లారినెట్ నేర్పుతాను, పెళ్లిళ్ల సీజన్‌లో బరాత్‌లకు కూడా వెళ్తాను. కింది స్వరాలు హాయిగా పలికించే తమ్ముళ్లు చరణం పైకి ఎక్కగానే శ్రుతి తప్పడం, పక్కన ట్రంపెట్ అన్న తిరిగి చూడడం ఎన్నిసార్లు చూశానో. వాళ్లకు ఎవరో చెప్పిన మాటలే అడ్డం పడుతున్నాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: పైకి వెళ్లాలంటే పెదవి గట్టిగా బిగించాలి.

ఇదే అన్నిటికన్నా చెడ్డది. నేనూ ఏళ్లపాటు ఇలాగే వాయించాను, రాత్రి ఇంటికొచ్చేసరికి కింది పెదవి లోపల పళ్ల గాట్లు పడి అన్నం కూడా తినలేకపోయేవాణ్ని. బిగిస్తే రీడుకీ (ఊదినప్పుడు కంపించే పలుచని పుల్ల) మౌత్‌పీస్‌కీ (నోట్లో పెట్టుకునే కొస) మధ్య సందు మూసుకుపోతుంది, నాదం సన్నబడుతుంది, శ్రుతి ఎక్కిపోతుంది. ఈల వేసేటప్పుడు పైస్వరం కోసం పెదవి కొరుకుతామా? లోపల నాలుక కదులుతుంది, అంతే. ఇక్కడా నాలుక వెనక భాగం 'ఈ' అన్నప్పటిలా పైకి లేవాలి, గాలి ఆగకుండా పోవాలి, పెదవి కింది స్వరాలకు ఎలా ఉందో దాదాపు అలాగే ఉండాలి.

దీనికి నేను రోజూ చేయించే సాధన ఒకటుంది. శ్రుతి పెట్టె 5కి పెట్టి, క్లారినెట్ మీద కింది 'ఏ' (A) స్వరం ఊదండి, అదే స. పెదవి కదపకుండా ఎడమ బొటనవేలితో రిజిస్టర్ కీ (పైస్వరాలకు మార్చే మీట) నొక్కితే ప వస్తుంది (ఫ్లూట్ అయితే పై స వచ్చేది, క్లారినెట్ స్వభావం వేరు). ఇప్పుడు ఎడమ చూపుడువేలు ఎత్తితే ఇంకా పైన గ, అంటే పై 'సీ షార్ప్'. మూడూ పెట్టెతో కలిసేదాకా నెమ్మదిగా చేయాలి. గ పలకకపోతే నాలుక చూసుకోండి, పెదవి జోలికి పోవద్దు.

అపోహ: గట్టి రీడు వేస్తే పైస్వరాలు వాటంతట అవే కుదురుతాయి.

మరీ మెత్తనిదైతే పైన శ్రుతి దిగిపోతుంది, నాదం చచ్చిపోతుంది, ఆ మాట నిజం. కానీ మోయలేనంత గట్టిది వేస్తే దాన్ని కదిలించడానికి మళ్లీ కొరకడమే మొదలవుతుంది. కొత్తవాళ్లకు 2 లేదా 2.5 నంబరు (గట్టిదనం అంకె) రీడు చాలు.

అపోహ: బ్యారెల్ (మౌత్‌పీస్ కింది చిన్న గొట్టం) కొంచెం బయటికి లాగితే అన్నీ సర్దుకుంటాయి.

లాగితే అన్ని స్వరాలూ ఒకేలా దిగవు. వేళ్లు దాదాపు అన్నీ ఎత్తి వాయించే నడిమి 'జీ', 'ఏ' బాగా దిగుతాయి, వేళ్లన్నీ మూసి వాయించేవి కొంచెమే. పైన ఎక్కుతోందని బ్యారెల్ లాగారనుకోండి, నడుమ ఉన్నవి పాడవుతాయి. ఇంకోటి, క్లారినెట్ చల్లగా ఉంటే శ్రుతి తక్కువ, వేడెక్కితే ఎక్కువ. డిసెంబర్‌లో కాజీపేట చర్చి బయట సాయంత్రం కలిపిన శ్రుతి, మే నెల బరాత్‌లో కలిపిన శ్రుతి ఒకటి కావు. ముందు ఐదు నిమిషాలు ఊది, అప్పుడు కలపండి.

అపోహ: పైస్వరం అందకపోతే ఇంకా గట్టిగా ఊదాలి.

క్లారినెట్ గట్టిగా ఊదితే శ్రుతి దిగుతుంది, మెల్లగా ఊదితే ఎక్కుతుంది, ఫ్లూట్‌కి సరిగ్గా తలకిందులు. డప్పులూ డీజే మధ్య బలమంతా పెట్టి ఊదేవాళ్ల పైస్వరాలు కిందికి వేలాడేది ఇందుకే.

అపోహ: తప్పంతా చవక క్లారినెట్‌దే.

కొంతవరకు కావచ్చు. కానీ ముందు వేళ్లు చూసుకోండి. బోమ్ సిస్టమ్ (కీల అమరికలో ఒక రకం) క్లారినెట్‌లో పై 'డీ' నుంచి కుడి చిటికెనవేలు ఈ-ఫ్లాట్ కీ మీద ఉండాలి. అది మరిచిపోతే స్వరం తక్కువగా పలుకుతుంది. కొత్త వాయిద్యం కొందామని అప్పు తెచ్చుకోబోయిన ఒక తమ్ముడికి ఈ ఒక్క కీ గుర్తుచేశాను, అదే పాత క్లారినెట్‌తో ఇప్పటికీ వాయిస్తున్నాడు.